మందమర్రి క్లబ్బులో ఇరవయ్యో ఆదివారం

సోమవారం మధ్యాహ్నం రెండు దాటిన పది నిమిషాలకు మూడో బాయిలోంచి, అంటే మూడో గనిలోంచి, బొగ్గు టబ్బులు వరసగా పైకొచ్చాయి. ఏడో టబ్బులో బొగ్గు మీద ఒక మనిషి పడుకుని ఉన్నాడు. పడుకున్నాడనే అనుకున్నారు అందరూ. దగ్గరికెళ్లి చూస్తే మెడలో సన్నటి ఉక్కుతీగ.

చచ్చిపోయినవాడు గని కార్మికుడు కాదు. ఆఫీసర్ల క్లబ్బులో పేకాట బల్ల దగ్గర చాయ్ అందించే మార్కర్ రాజలింగు. చాయ్ అందించేవాడికి బాయిలో ఏం పని? పంచనామా రాసిన పెద్దమనిషికి ఆ సందేహమే రాలేదు. "తాగి పడినాడు" అని రాసి చేతులు దులుపుకున్నాడు. మెడకు తీగ బిగించుకుని మరీ తాగి పడేవాళ్లను ఆయన ఏ ఊళ్లో చూశాడో ఆయనకే తెలియాలి!

రాజలింగు నిజానికి ఇంటెలిజెన్స్ మనిషి. ఆ సంగతి తెలిసినవాళ్లు లోకంలో ముగ్గురే. అతని పెళ్లాం ఐలవ్వ, ఐలవ్వ తమ్ముడు లింగమూర్తి, ఆ ఇద్దరు మగవాళ్లకూ బాస్ అయిన చీఫ్ హనుమండ్లు. లింగమూర్తి కూడా ఏజెంటే. కోడ్ నంబర్ 27. పుట్టింది సిరిసిల్లలో, మగ్గాల చప్పుడు మధ్య.

మూడో రోజు పొద్దున ఉట్నూర్ రోడ్డు మీద ఒక జీపులో బ్రీఫింగ్ జరిగింది. చీఫ్ హనుమండ్లు కాగితాల మీద అడవి తేనె వ్యాపారి. జీపు వెనక నిజంగానే నాలుగు తేనె డబ్బాలుంటాయి.

"మనిషి పేరు హార్వే హేల్," అన్నాడు చీఫ్. "గని మిషన్లు అమ్మే ఇంజినీర్నని తిరుగుతుండు. ఏ దేశపోడని అడుగకు. మూడు పాస్‌పోర్టులున్నయి. మన బొగ్గు ఆగితే మన ఫ్యాక్టరీలు ఆగుతయి, గదీ వాని డ్యూటీ. మీ బావను చంపించింది వాడే."

లింగమూర్తి చెయ్యి పిస్టల్ మీదికి పోయింది.

"గదే వద్దంటున్న. ఇయ్యాల వాణ్ని కాలిస్తే ఎల్లుండి ఇంకోడు దిగుతడు. గనిలో వానికి పనిజేసి పెట్టేటోడు ఎవడు? వాని వెనుక ఎందరున్నరు? గవన్నీ కావాలె. వాడు ప్రతి ఆదివారం మధ్యాహ్నం క్లబ్బుల పోకర్ ఆడుతడు. నువ్వు బోథ్ టేకు కాంట్రాక్టర్ దేవదాస్ సేఠ్‌వు. పోయి ఆడు. పోకర్ వచ్చా?"

"తీన్ పత్తా వచ్చు సార్."

"మర్చిపో దాన్ని. గది జోరు మీద ఆడే ఆట. పోకర్ ఓపిక మీద ఆడేది. పది ఆటల్ల ఎనిమిదిసార్లు పత్తాలు పారెయ్. జేబుల ఉన్న పైసల్ల ఇరవయ్యో వంతు పట్టుకోని కూసో, అది పోతే లేచి రా. పోయింది అదే రోజు గుంజుకోవాలె అనుకున్నోడు ఇల్లమ్ముకుంటడు. ఎవడు ఎప్పుడు ఎంత పెట్టిండో ఇంటికొచ్చి రాసుకో. ఒక్కరోజు లెక్క చూసి సంబురపడకు, ఏడువకు. ఐదు నెలల లెక్క చూడు. అన్నిట్ల పెద్ద మాట..." చీఫ్ అతని చెయ్యి పిస్టల్ మీది నుంచి తీసేశాడు. "కోపమొస్తే పత్తాలు ముట్టకు. లేచి పోయి మంచినీళ్లు తాగి రా."

అక్కను చూడకుండా పని మొదలుపెట్టలేకపోయాడు లింగమూర్తి. మందమర్రి కార్మికుల కాలనీలో ఆమె ఏడవడం లేదు. గోధుమల డబ్బాలో దాచిన నోట్‌బుక్ తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"మీ బావ రాసింది. పత్తాలాట లెక్కలట, నాకు సమజ్ గాలే," అంది. "తమ్మీ, ఒక్క మాట. నాకు జైలు వద్దు. జైలుల పడ్తే రెండు పూటలు కూడు పెడ్తరు. నా మొగనికి ఎవడు పెడ్తుండు? వాడు కుక్కసావు సావాలె. మాటియ్యి."

లింగమూర్తి మాటిచ్చాడు. ప్రభుత్వ ఉద్యోగి అలాంటి మాట ఇవ్వకూడదని రూల్స్‌లో ఉంది. రూల్స్ రాసినాయన ఐలవ్వ కళ్లలోకి చూసి ఉండడు.

క్లబ్బు బల్ల చుట్టూ ఐదుగురు. హేల్, దేవదాస్ సేఠ్, ఒక డాక్టరు, ఒక ఫారెస్టాయన, గని స్టోర్స్ ఆఫీసర్ లక్ష్మీరాజం. ఈ లక్ష్మీరాజమే క్లబ్బు సెక్రటరీ, నవ్వు మొహం, నుదుట నిలువు బొట్టు. హేల్ వెనక ఎప్పుడూ ఒక అమ్మాయి నిలబడేది. సిల్కు చీర, నల్ల గాగుల్స్, బొంబాయి ఇంగ్లీషు. స్టెనో మిస్ సరోజ్. ఆమె గురించి చీఫ్ చెప్పింది ఒక్కటే ముక్క. "డబల్ ఏజెంట్. మన మనిషే. అని ఆమె అంటది."

ఐదు వారాలు లింగమూర్తి పత్తాలు పారేస్తూనే ఉన్నాడు. క్లబ్బులో అతనికి "పిరికి సేఠ్" అని పేరొచ్చింది. మంచి పత్తాలు పడితే తప్ప డబ్బు పెట్టడు. పెట్టినా రేటు పెంచడు. ఎప్పుడూ హేల్ తర్వాతి కుర్చీలోనే కూర్చునేవాడు. ముందు వాడేం చేస్తాడో చూసి తన పని చూసుకునేందుకు. హేల్ అతని భుజం తట్టి నవ్విన రోజున మాత్రం మూడుసార్లు లేచి నీళ్లు తాగి వచ్చాడు. నీళ్లతో చల్లారే మంట కాదది, అయినా తాగాడు.

ఆరో వారం లెక్క తేలింది. బావ నోట్‌బుక్కును తన కాగితాల పక్కన పెట్టుకుని చూస్తే హేల్ ఆట తేటతెల్లమైంది. రోజంతా లెక్క తప్పని మనిషి, అనవసరంగా రూపాయి పెట్టడు. ఆఖరి ఆటలో మాత్రం పిచ్చోడిలా రేటు పెంచి, అంతలోనే పత్తాలు పారేస్తాడు. ప్రతి ఆదివారం అంతే. అదృష్టం ఇంత క్రమశిక్షణగా ఉండదు! బావ చావుకు ముందు ఆదివారం హేల్ ఆఖరి ఆటలో పోగొట్టింది ముప్పై రెండు. మూడో బాయి, రెండు గంటలు. అంతకుముందు ఒకసారి పద్నాలుగు. ఒకటో బాయి టింబర్ యార్డు తగలబడింది నాలుగు గంటలకు.

పోగొట్టుకున్న రూపాయలే టెలిగ్రామ్. మొదటి అంకె బాయి, రెండోది గంట, పని మర్నాడు. పని లేని వారం లేని బాయి అంకె పోగొడతాడు. అందుకునేవాడెవడో కూడా తెలిసింది. ఆఖరి ఆటలో మొదటే పత్తాలు పారేసి, తన డబ్బు వదిలేసి హేల్ డబ్బు వైపే చూస్తూ కూర్చునేవాడు ఒక్కడే, లక్ష్మీరాజం. బల్ల దగ్గర తప్ప బయట ఎక్కడా వాళ్లిద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు.

పదో ఆదివారం లింగమూర్తి తప్పు చేశాడు. పేకాటలో కాదు. బల్ల మీది గుడ్డ అంచున ఒక పోగు తెగి వేలాడుతోంది. మగ్గం మీద పెరిగిన చెయ్యి తెగిన పోగు చూస్తే ఊరుకుంటుందా? బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే కదిలి, కంటికి కనబడని ముడి వేసేశాయి. హేల్ చూడలేదు. మిస్ సరోజ్ చూసింది.

ఆట అయ్యాక వరండాలో ఆమె పక్కకొచ్చి నిలబడింది. బొంబాయి ఇంగ్లీషు ఎటు పోయిందో!

"బోథ్ టేకు సేఠ్‌కు సిరిసిల్ల ముడి ఎవరు నేర్పిన్రు?" అంది. "పరేషాన్ గాకు. నా పేరు సరోజన, మాది వేములవాడ. రాజలింగు చెప్పే సిరిసిల్ల బామ్మర్దివి నువ్వే గదా?"

లింగమూర్తి చేతులు జేబుల్లో దాచుకున్నాడు.

"ఆ సోమవారం రాజలింగును మూడో నంబరుకు పంపింది నేనే," అంది సరోజన గాగుల్స్ తీసి. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "హేల్ ఒక కవరిచ్చి పంపుమన్నడు, పంపిన. ఎందుకో నాకు తెల్వదు. అన్నా, నాకు రోజు అల్లం చాయ్ పోసేటోడు గా మనిషి. నన్ను చంపుతవా, చంపు. కాని వాడు చచ్చినంక చంపు."

లింగమూర్తి ఒళ్లంతా మండిపోయింది. పక్కకు పోయి కుండలో నీళ్లు రెండు గ్లాసులు తాగాడు. తిరిగొచ్చి ఒకటే అడిగాడు.

"వాడు పైవాళ్లకు పంపే రిపోర్టులు రాసేది ఎవరు?"

"నేనే."

"అయితే బతుకు," అన్నాడు.

పందొమ్మిది ఆదివారాలు గడిచాయి, అన్నీ లేని బాయి అంకెలతోనే. ఇరవయ్యోదానికి ముందు శనివారం సరోజన కబురు తెచ్చింది. సోమవారం ఐదో బాయి, రెండు గంటలు. షిఫ్టులో లోపల మూడొందల మంది ఉంటారు. అంటే రేపు హేల్ యాభై రెండు పోగొట్టాలి.

"లక్ష్మీరాజాన్ని ఇప్పుడే పట్టుకుందాం సార్," అన్నాడు లింగమూర్తి.

"ఏమని పడ్తం? పత్తాలల్ల పక్కోని పైసలు చూసిండనా?" అన్నాడు చీఫ్. "మందుగుండుతోని దొరకాలె. కాని ఐదో నంబర్ల మూడొందల పానాలు పెట్టి జూదమాడలేం. అంకె మార్చు."

ఆ క్లబ్బులో ఒక రూలుంది. పత్తాలు మార్చుకున్నాక రేటు ఒక్కసారే పెంచాలి, అదీ యాభై దాటకూడదు. ముందు ఎవరు పెంచితే వాళ్లదే. మిగతావాళ్లు అంత కట్టాలి, లేదా పత్తాలు పారెయ్యాలి. ఇరవయ్యో ఆదివారం లింగమూర్తి కుర్చీ మార్చాడు. పందొమ్మిది వారాలు హేల్ తర్వాత కూర్చున్నవాడు ఈసారి హేల్‌కు ముందు కూర్చున్నాడు.

ఆఖరి ఆట. పత్తాలు మార్చుకునే సరికి తలా ఇరవై రెండు బల్ల మీద పడ్డాయి. లక్ష్మీరాజం మాత్రం అలవాటుగా మొదట్లోనే తప్పుకున్నాడు. హేల్ వేళ్లు మూడు పది రూపాయల నోట్ల మీద ఉన్నాయి. ఆ ముప్పై పెంచితే యాభై రెండు. లింగమూర్తి తన పత్తాలు చూసుకున్నాడు. చెత్త. ఒక్క జత కూడా లేదు.

హేల్‌ను ఇరవై రెండు దగ్గరే ఆపితే కబురు రెండో బాయికి పోతుంది. అది మూతబడి రెండేళ్లయింది. అందులో పురుగు కూడా లేదు. అంతకంటే మంచి అంకె ఏముంటుంది?

"యాభై పెంచిన," అన్నాడు పిరికి సేఠ్.

 పందొమ్మిది వారాల్లో రూపాయి పెంచనివాడు యాభై పెంచాడంటే చేతిలో నాలుగు ఆసులైనా ఉండాలి! డాక్టరు, ఫారెస్టాయన పత్తాలు పారేశారు. హేల్ నుదుటి మీద చెమట. కడితే డెబ్బై రెండు. మందమర్రిలో ఏడో బాయే లేదు, కట్టినా కట్టకపోయినా కబురు చెడినట్టే. ఓడేదానికి ఇంకో యాభై ఎందుకు తగలెయ్యాలి? రేపు పొద్దున సరోజ్‌ను పంపి సరిదిద్దుకోవచ్చు. పత్తాలు విసిరేశాడు. సరోజన వాటిని ఊరికే తిప్పి చూసినట్టు అందరికీ కనబడేలా పరిచింది. మూడు రాణులు.

"మూడు రాణులు పట్టుకోని పారేసిన్రా సార్!" అన్నాడు డాక్టరు.

లక్ష్మీరాజం రాణుల వైపు చూడలేదు. ఇరవై రెండు రూపాయల వైపు చూశాడు.

సోమవారం పొద్దున హేల్ పంపిన చీటీ సరోజన పర్సులోనే ఉండిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు లింగమూర్తి రెండో బాయి మూతి దగ్గర తుప్పల వెనక నక్కి ఉన్నాడు. టేకు కొలిచే టేపు డబ్బాలో కెమెరా, చొక్కా కింద పిస్టల్, కొంచెం దూరంలో చీఫ్ జీపు. లక్ష్మీరాజం రావడమే తరువాయి.

వచ్చింది ఐలవ్వ. మొగుడు పోయాక ఆమె కార్మికుల సద్దిగిన్నెలు బాయిలకు మోసి బతుకుతోంది. గంప దించకుండానే తమ్ముణ్ని గుర్తుపట్టింది.

"గీడ ఏం జేస్తున్నవురా?"

"సప్పుడు జెయ్యకక్కా. ఒకడు రెండు గంటలకు ఈ ఉత్త బాయిని పేల్చనీకి వస్తడు. దొరుకుతడు."

"ఉత్త బాయా?" ఐలవ్వ గంప కింద పెట్టేసింది. "ఎవడు చెప్పిండు నీకు ఉత్త బాయని? నిండ నీళ్లురా! మూసినంక ఊటలొచ్చి చెరువైంది లోపల. గా నీళ్లకు అడ్డం ఒక్క బొగ్గు గోడ. గోడకవతల ఐదో నంబరోళ్లు పనిజేస్తుండ్రు. కాలనీల పసిపోరగాన్ని అడిగినా చెప్తడు."

 లింగమూర్తికి మగ్గం తెలుసు, పిస్టల్ తెలుసు, పోకర్ కూడా నేర్చాడు. మూసేసిన బాయి అంటే ఏమిటో తెలియదు. గని మనిషి ఎవడూ చెయ్యని తప్పు తాను చేశాడు. లక్ష్మీరాజం గనివాడు. రెండో నంబరు అనగానే వాడికి ఆ గోడ తట్టి ఉంటుంది. ఈ మూతి దగ్గరికి రావాల్సిన పనే లేదు. ఐదో బాయి లోపలి నుంచి పొద్దున్నే మందు పెట్టేసి ఉంటాడు. రెండు గంటలంటే వాడు వచ్చే టైము కాదు, పేలే టైము!

జీపు ఐదో బాయికి చేరేసరికి ఒంటిగంటా నలభై. చీఫ్ లోపలికి ఫోన్ కొట్టాడు. కాని మూడొందల మంది ఆ ఏటవాలు ఎక్కి బయటపడాలంటే అరగంట కావాలి. లింగమూర్తి దిగే ఖాళీ టబ్బులో దూకాడు. లోపల ఎదురైన, దన్ను కర్రలు నిలబెట్టే టింబర్‌మన్ గట్టయ్యను చెయ్యి పట్టుకుని ఆపాడు.

"నీళ్లగోడ కాడికి తీస్కపో. జల్ది!"

నడుం వంచి, మోకాళ్ల మీద పాకి, బొగ్గు గోడ దగ్గరికి చేరారు. ఒంటిగంటా యాభై ఆరు. గోడ పొడుగునా దన్ను కర్రలు. వాటికి కొట్టిన మేకులకు కార్మికుల సద్దిగిన్నెలు వేలాడుతున్నాయి. ఏ కర్ర వెనక వెతకాలి? ఏ పగులులో? లింగమూర్తి ఒక్కో కర్రనూ తడమసాగాడు.

"ఎవడ్రా వీడు!" అని గట్టయ్య తిట్టాడు. "గిన్నె నేల మీద పెట్టిండు! బాయిల ఎవడన్న కింద పెడ్తడా? ఎలుకలు ఊకుంటయా?"

లింగమూర్తి దాని మీద పడ్డాడు. బాయిలో కూర్చుని ఏనాడూ సద్ది తినని ఆఫీసరే ఆ గిన్నెను నేల మీద పెడతాడు. మూత తీస్తే జెలటిన్ కడ్డీలు, వాటి నడుమ చేతిగడియారం, రెండు తీగలు. ముల్లు పన్నెండు మీదికి పోతోంది. డిటొనేటర్ లాగి పక్కనున్న నీళ్లకాలవలోకి విసిరాడు. కాలవలో టప్పున పేలి ఇద్దరి మొహాల మీదా బురద చిమ్మింది. గట్టయ్య మొహం తుడుచుకుని, మిగిలిన కడ్డీలను చూసి, అక్కడే కూలబడ్డాడు.

లక్ష్మీరాజం క్లబ్బు మెట్ల మీదే దొరికాడు. సరోజన గాగుల్స్ డబ్బాలో గాగుల్స్ ఉండవని అతనికి అప్పుడే తెలిసింది. అంత చిన్న పిస్టల్ అతను ఎన్నడూ చూడలేదట.

నాలుగు గంటలకు లింగమూర్తి ఒళ్లంతా బొగ్గుతో, చేతిలో పిస్టల్‌తో గెస్ట్ హౌస్ మెట్లెక్కాడు. గుమ్మంలో చీఫ్ అడ్డంగా నిలబడ్డాడు.

"లోపల పెట్టు దాన్ని. వాణ్ని దేశం నుంచి పంపేస్తున్నం. పైనుంచి ఆర్డరొచ్చింది."

"పంపుతరా? మూడొందల మందిని ముంచబోయినోణ్ని? మా బావను..."

"సాక్ష్యమేది? చీటీ మీద పేరు లేదు, లక్ష్మీరాజం నోరిప్పుతలేడు. పత్తాలల్ల ఇరవై రెండు రూపాలు ఓడిపోవుడు నేరమా అంటది కోర్టు."

"అక్కకు మాటిచ్చిన సార్!" లింగమూర్తి ఇంకో మెట్టు ఎక్కాడు. "ఐదు నెలలు వాడు నా భుజం తడ్తుంటే నవ్విన. గిందుకా?"

చీఫ్ పక్కకు జరిగాడు. వెనక సరోజన ఉంది. చేతిలో కార్బన్ కాపీ ఒకటి.

"హేల్ పైవాళ్లకు నా ఆఖరి రిపోర్టు. చదువు," అంది.

అందులో నాలుగే ముక్కలు. హేల్ ఇండియన్ల దగ్గర సొమ్ము తిన్నాడు. మూడు రాణులు చేతిలో పెట్టుకుని ఇరవై రెండుకే పారేశాడు, చూసినవాళ్లున్నారు. మూసేసిన బాయి అంకె కావాలనే ఇచ్చాడు. ఇండియన్లు అతన్ని ఒక్కరోజు కూడా జైల్లో పెట్టకుండా క్షేమంగా ఇంటికి పంపిస్తున్నారు.

లింగమూర్తి రెండుసార్లు చదివాడు. పిస్టల్ లోపల పెట్టాడు.

"టికెట్ నేను కొంట సార్," అన్నాడు.

బుధవారం పదకొండు గంటలకు మంచిర్యాల స్టేషన్లో ఉత్తరాదికి పోయే బండి ఆగింది. హేల్ చేతిలో ఒక టెలిగ్రామ్ ఉంది. పైవాళ్ల దగ్గర నుంచి. "ప్రయాణం జాగ్రత్త. అందరం నీకోసం ఎదురుచూస్తున్నాం." అందులో చెడ్డమాట ఒక్కటీ లేదు. హేల్ మొహంలో నెత్తురు చుక్క కూడా లేదు.

"మిస్టర్ దేవదాస్! నన్ను అరెస్ట్ చెయ్యండి!" అన్నాడు శుభ్రమైన తెలుగులో. ఇన్ని నెలలు తెలుగు రానట్టు నటించినవాడు! "రాజలింగును చంపించింది నేనే. రాసిస్తాను. అందరి పేర్లూ ఇస్తాను. జైలుకు పంపండి, చాలు."

కాగితం అడిగి తీసుకుని, బెంచీ మీద కూర్చుని గబగబా రాశాడు. పదకొండు పేర్లు, అడ్రసులతో సహా. చీఫ్ చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చాల థ్యాంక్స్," అన్నాడు. "కాని ఆర్డర్ మీద సంతకం అయిపోయింది సార్. గవర్నమెంటు కాగితం. నేను మార్చలేను."

ఐలవ్వ కొంగు కింద కొడవలి పట్టుకుని వచ్చింది. హేల్‌ను ఎగాదిగా చూసింది.  వాడి వేళ్లు ప్లాట్‌ఫారం కంచెను వదలడం లేదు.

"వీడు గింత భయపడుతుండేందిరా? సావుకా?"

"సావుకు గాదక్కా. వాళ్లోళ్లు చంపే తీరుకు. వారం పడ్తదో, నెల పడ్తదో."

 ఐదు నెలలుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది ఐలవ్వకు. కొంగుతో కళ్లొత్తుకుని హేల్ దగ్గరికి నడిచింది. కంచె మీద బిగుసుకున్న వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది.

"ఎక్కు," అంది. "బండి పోతది."

ఇద్దరు కానిస్టేబుళ్లు ఎక్కించారు. గార్డు ఈల వేశాడు. పెట్టె కదిలాక హేల్ కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. చావబోయే ముందు మనిషికి ఏవేవో గుర్తొస్తాయంటారు. పేకాటరాయుడికి మాత్రం ఒకటే గుర్తొస్తుంది.

"దేవదాస్! ఆదివారం ఆఖరి ఆట... నీ చేతిలో ఏముంది?"

లింగమూర్తి బండితో పాటు నాలుగు అడుగులు నడిచాడు.

"యాభై కట్టినోళ్లకే చూపిస్తం దొరా," అన్నాడు.